రెండంగుళాల దొరతనం

వెల్గటూర్ మండలంలో ఆఫ్-రోడ్ బండి కొనే మారాజులు ముందుగా ఒక రోడ్డు వెతుక్కోవాలి. రోడ్డంటూ ఉంటేనే కదా దాన్ని దిగేది! ఏప్రిల్, మే నెలల్లో సగం తారురోడ్డు యాసంగి వడ్లకు కల్లం. నల్ల పరదలు, అవి లేవకుండా అంచున పెట్టిన బండరాళ్లు, నడుమ వడ్లు తిరగేసే ఆడమనిషి. మిగిలిన సగంలో ఎదురొచ్చే ట్రాక్టర్. నాట్ల కాలం వస్తే అదే ట్రాక్టర్ బురద దున్నిన కేజీవీల్స్ విప్పకుండా తారు మీదికెక్కి, మనం కట్టిన పన్నును పెళ్లలు పెళ్లలుగా లేపుకుంటూ పోతుంది. ఇంత జరుగుతుండగా పనిగట్టుకుని ఆఫ్-రోడ్ పోవడానికి పదిహేను, ఇరవై లక్షల బండి ఎందుకు, దాని కింద మళ్లీ లిఫ్ట్ కిట్ ఎందుకు అని అడిగే పాతకాలపు మనుషులు ఇంకా ఉన్నారు. పాపం, వాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ లేదు.

2020 అక్టోబర్‌లో కొత్త థార్ వచ్చింది. 2023లో జిమ్నీ వచ్చింది. అప్పటినుంచి మన పిలగాండ్ల ముందున్న ప్రశ్న ఒక్కటే: బండిని లేపేది ఎన్ని అంగుళాలు? రెండా, మూడా, నాలుగా? కట్నం మాట్లాడుకునే పెద్దమనుషుల్లా దుకాణం ముందు కూర్చుని, రెండుకు ఒప్పుకోవాలా, మూడుకు పట్టుబట్టాలా అని తెల్లారేదాకా తర్కం. ఎక్కడికి పోతావు నాయనా అని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే చెప్పాల్సి వస్తుంది. జగిత్యాలలో బిర్యానీకి, అక్కణ్నుంచి ఇంటికి.

సరే, కొనేదేదో తెలిసే కొనండి. ఈ సరుకు మూడు రకాలు. మొదటిది స్పేసర్. స్ప్రింగు దగ్గర కూర్చోబెట్టే బిళ్ల, అల్యూమినియందో గట్టి రబ్బరుదో. చౌక కాబట్టి అందరూ ఎక్కించేది దీన్నే. బండి లేస్తుంది, ఫొటో వస్తుంది. అయితే వెనక షాక్ పొడవు పాతదే. చక్రం గుంతలోకి దిగడానికి కంపెనీ వదిలిన జాగాలో చాలాభాగం ఈ బిళ్లే మింగేస్తుంది. అంటే గుంతల్లో పోవడానికి వేయించుకున్న సామాను గుంతలోకి చక్రాన్ని దిగనివ్వదు. రెండోది బాడీ లిఫ్ట్. ఛాసిస్‌కూ డబ్బాకూ మధ్య దిమ్మెలు పెట్టడం. ఛాసిస్, ఇంజన్ ఉన్నచోటే ఉంటాయి, కూర్చున్న మనిషి మాత్రం పైకి పోతాడు. మూడింటిలోకీ నిజాయితీ ఉన్నది ఇదే: నేను లేపేది నిన్నే, బండిని కాదు అని ముందే చెప్పేస్తుంది. మూడోది అసలు కిట్. సరిపడా స్ప్రింగులు, పొడుగు షాక్‌లు, మారిన కోణాలకు తగ్గ ఆర్ములు, రాడ్లు. పని చేసేది అదే. దాని ధర వినగానే మనవాడికి బిళ్ల చాలునన్న జ్ఞానోదయం అవుతుంది.

ఇంతకీ ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. థార్ వెనక ఇరుసు అడ్డంగా ఒకటే దూలం. దాని మధ్యలో డిఫరెన్షియల్ హౌసింగ్ గుండ్రంగా వేలాడుతుంటుంది. నడిరోడ్డు రాయి దెబ్బ దానికే ముందు. స్ప్రింగు కూర్చునేది ఆ ఇరుసు మీద. స్ప్రింగును ఎంత పొడుగు చేసినా, దానికింద ఎన్ని బిళ్లలు పెట్టినా లేచేది దాని మీదున్న ఛాసిస్, డబ్బా మాత్రమే. హౌసింగ్ కింద జాగా ఒక్క మిల్లీమీటరు పెరగదు. జిమ్నీకైతే ముందూ వెనకా రెండూ దూలాలే, కాబట్టి రెండుచోట్లా ఇదే భోగం. నాలుగంగుళాలు లేపిన బండి రాయిని గుద్దితే దెబ్బ పాతచోటే తగులుతుంది. కాకపోతే ఆ చప్పుడు మనకు నాలుగంగుళాలు దూరంగా వినిపిస్తుంది.

ఇరుసు లేవాలంటే చక్రం పెద్దది కావాలి. ఈ ముక్క మన ఊరి వడ్లాయనకు ఏ ఇంజినీరింగ్ కాలేజీ చెప్పింది? వాగు దాటాలి, బురద పొలంలోంచి గడ్డిమోపులు తేవాలి కాబట్టి ఎడ్లబండికి మనిషి ఛాతీ దాకా వచ్చే చక్రం చేశాడు. ఇరుసు దానికదే అందులో సగం ఎత్తుకు పోయింది. స్ప్రింగూ లేదు, కిట్టూ లేదు. ఇప్పుడు కూడా లెక్క అదే. టైరు రెండంగుళాలు పెద్దదైతే ఇరుసు లేచేది అందులో సగం, ఒక్క అంగుళం. 31 అంగుళాల టైరు విప్పి 33 ఎక్కించినవాడికి దక్కేది ఆ అంగుళం, దాంతోపాటు అబద్ధమాడే మీటరు. అది 60 చూపిస్తుంటే బండి 64 మీద పోతుంటుంది. పెద్ద టైరును తిప్పడానికి ఇంజన్, ఆపడానికి బ్రేకు పడే తిప్పలు వేరే.

లిఫ్ట్ దండగ అనడం లేదు. గుట్ట ఎక్కేటప్పుడు మూతి ఆనకుండా, దిగేటప్పుడు తోక తగలకుండా, దిబ్బ దాటేటప్పుడు కడుపు రాసుకోకుండా అది కాపాడుతుంది. పెద్ద టైరు పట్టే జాగా ఇస్తుంది. కానీ కంపెనీ నుంచి వచ్చిన థారే మూతి ఆనకుండా సుమారు 41 డిగ్రీల ఏటవాలు అందుకుంటుంది. మన చెరువుకట్టలు కూడా అంత నిటారుగా ఉండవు. ఈ మండలంలో అంత నిటారుగా ఉన్నది బండి లోను ఒక్కటే.

పోనీ ఎత్తు ఊరికే వస్తుందా? బండిని నిలబెట్టేది రెండు చక్రాల నడుమ వెడల్పు, పడదోసేది బరువు ఎత్తు. మొదటిది అలాగే ఉంది, రెండోది పెరిగింది. కొండగట్టు ఘాట్ మలుపుల సంగతి ఈ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అంజన్న ముందు టైరు కింద నిమ్మకాయ తొక్కించినంత మాత్రాన ఆ లెక్క మారదు. ముందు చక్రాలకు శక్తి మోసే షాఫ్టుల కీళ్లు వంకరపడి తొందరగా అరుగుతాయి. స్టీరింగు అటూ ఇటూ వెతుక్కుంటుంది. హెడ్‌లైటు ఎదుటివాడి కళ్లలోకి పోతుంది, ఆ బండ్లు కొన్నవాళ్లు దాన్ని మాత్రం లోపంగా లెక్కబెట్టరు. ఇక ఇంట్లో అవ్వకు మోకాళ్ల నొప్పులు. ధర్మపురి నర్సింహస్వామి దర్శనానికి కొడుకు బండెక్కాలంటే కింద పీట వెయ్యాలి. కొడుకు పీట తెచ్చేలోపు అవ్వ ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

నీళ్ల దగ్గర మాత్రం వేళాకోళం వద్దు. థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో నడుస్తుందని కంపెనీ చెప్పింది. అది నిలబడ్డ నీళ్ల లెక్క. రోడ్‌డ్యాం మీంచి పొంగే వాగుకు ఆ లెక్క తెలియదు. రెండడుగుల పారుడు నీళ్లు చాలు, పెద్ద బండినైనా తేల్చి తీసుకుపోవడానికి. 2022 జులై వానలకు మన జిల్లాలోనే, రాయికల్ మండలంలో, వాగులో కారు కొట్టుకుపోయి వరద వార్తకు వెళ్లిన విలేకరి ఒకరు చనిపోయారు. ఆ తర్వాత కూడా ప్రతి వానాకాలం వాగు గట్టున "మనది లిఫ్ట్ చేసిందిరా, పోనియ్" అనే గొంతు ఒకటి వినిపిస్తూనే ఉంది. ఇరుసుకు, గేర్‌బాక్సుకు గాలి పీల్చే గొట్టాలు ఏ ఎత్తున ఉన్నాయో ఆ గొంతుకు తెలియదు. బిళ్ల అమ్మినవాడు చెప్పలేదు మరి.

అసలు రోడ్డు లేనిచోట బండి నడిపినవాళ్లు మనకేం తక్కువ లేరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి దుబాయికీ సౌదీకీ డ్రైవర్లుగా పోయి, షేకుల ల్యాండ్ క్రూజర్లను ఎడారిలో తిప్పి, తెల్లబడ్డ జుట్టుతో ఇంటికొచ్చినవాళ్లు ఊరూరా ఉన్నారు. ఇసుకలో దిగేముందు వాళ్లు చేసే మొదటి పని టైర్లలో గాలి తియ్యడం. 35 ఉన్నదాన్ని 15కు దించితే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద నిలబడుతుంది. బయటికొచ్చాక మళ్లీ నింపుకోవాలి. ఖర్చల్లా ఒక చిన్న గాలి పంపు. కానీ అలా తిరిగొచ్చిన ఒక మామ ఇప్పుడు ప్యాసింజర్ ఆటో నడుపుకుంటున్నాడు, ఆటో నడిపేవాణ్ని ఆఫ్-రోడ్ గురించి ఎవరడుగుతారు? కోటిలింగాల దగ్గర శాతవాహన రాజు సిముకుడి నాణేలు దొరికిన గడ్డ మీద రీల్ తీద్దామని పోయి, గోదారి ఇసుకలో కడుపు దాకా దిగబడి, ఆఖరికి ట్రాక్టర్ కోసం ఫోన్ కొట్టినప్పుడు తాడు పట్టుకుని వచ్చేది ఆయనే.

"తమ్మీ, ముందు గాలి తియ్యి."

"ఏడికెళ్లి మామా?"

"ముందుగాల నీలకెళ్లి. టైర్లయి తర్వాత సూద్దాం."

స్పీడ్ బ్రేకర్ల కోసమే లిఫ్ట్ వేయించానన్నాడొకడు. ఈ వాదనను తోసిపుచ్చలేం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (పార్టీ కాదు, ఇంజినీర్ల సంస్థ, కంగారుపడకండి) చెప్పిన ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు పది సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. కంపెనీ థార్ కింద దానికి రెండింతలకు పైగానే జాగా ఉంది, 226 మిల్లీమీటర్లు. కానీ మన ఊళ్లలో బ్రేకర్ ఎత్తును కాంగ్రెస్ నిర్ణయించదు, కోపం నిర్ణయిస్తుంది. పొద్దున బర్రెను ఎవడో గుద్దిపోతే సాయంత్రానికి మొరం, సిమెంటు కలిపి గద్దె లేస్తుంది. ఆ గద్దె దాటడానికి వీడు బండి లేపుతాడు. లేపిన బండి జోరుగా వస్తోందని వాళ్లు గద్దెను ఇంకో నాలుగు వేళ్లు లేపుతారు. ఈ పోటీలో కచ్చితంగా లాభపడేవాడు బిళ్లలు అమ్మే దుకాణదారు.

చట్టం గురించి కూడా రెండు మాటలు, ఎలాగూ ఎవరూ చదవరు కాబట్టి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని కంపెనీ చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడు చట్టానికి చేసిన సవరణతో అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. స్పేసరు ఒకటి, టైర్లు ఒకటి, ముందు ఇనుప బంపరు ఒకటి... వేళ్లు మడవడం మొదలుపెడితే చెయ్యి సరిపోదు. బీమా కంపెనీవాడు మాత్రం ఈ సెక్షన్ కంఠతా పెట్టి ఉంటాడు, క్లెయిమ్ కాగితం చేతికిచ్చిన రోజున అప్పజెబుతాడు. పోలీసులెందుకు ఆపరంటారా? ముందుపోయే నాయకుడి కాన్వాయ్‌లో ఉన్నవి కూడా ఇలాంటి బండ్లే. దాన్ని ఆపలేనివాడు వెనకదాన్ని ఏ మొహంతో ఆపుతాడు?

ఈ గడ్డ మీద ఎత్తుకు ఒక చరిత్ర ఉంది. దొర గడీ ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన కాలం మన తాతలది. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాలలో వేలమంది రైతుకూలీలు జైత్రయాత్ర తీసి, మీరూ మేమూ నిలబడ్డది ఒకే నేల మీద అని దొరల మొహానే చెప్పారు. నెలన్నర తిరక్కముందే, అక్టోబర్‌లో, సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఎత్తు తగ్గడం దొరలకు అంత కష్టమనిపించింది. ఆ రోజు నడిచినవాళ్ల మనవలకు ఇప్పుడు ఎత్తు కావాలి. గడీ కట్టే స్తోమత లేదు, కాబట్టి బండి కింద బిళ్ల పెట్టుకుంటున్నారు. పాత దొరతనానికి ఊరంతా వెట్టి చెయ్యాల్సి వచ్చేది. కొత్తదానికి ఆ బాధ లేదు, ఎవరి వెట్టి వాళ్లే చేసుకోవచ్చు, నెలకో కిస్తీ చొప్పున అరవై నెలలు.

ఆ అరవై నెలలూ ఆగలేనివాళ్లు మధ్యలోనే బండి అమ్మకానికి పెడతారు. ఆ ప్రకటనలు చదవడం నాకు భలే సరదా. మూడంగుళాల లిఫ్ట్, 33 టైర్లు, స్నోర్కెల్, పదివేల పౌండ్లు లాగే విన్చ్, అన్నీ పేరుపేరునా రాసి, కొనేవాడికి నమ్మకం కలగాలని చివర్లో పెద్దక్షరాల్లో ఒక హామీ ఇస్తారు: "ఆఫ్-రోడ్ ఒక్కసారి కూడా పోలేదు."