ఘంటాపథము: ఒక రోడ్‌షో మిక్స్‌కు టీకా తాత్పర్యము

మూలము: “దిస్ ఈజ్ డీజే ఫలానా! రోడ్‌షో మిక్స్!”

అవతారిక: దేవత చిత్రమునకై (1982) వేటూరి సుందరరామమూర్తి వ్రాయగా, చక్రవర్తి బాణీ కట్టగా, బాలసుబ్రహ్మణ్యము, సుశీల పాడిన గోదారి వెల్లువ పాట, పెండ్లి బారాత్‌కు ముందు నడచు డీజే బండిమీది పెట్టెలనుండి వెలువడుచు, పల్లవి దాటి చరణమున కడుగిడు నంతలో, సుశీలగారి గొంతును నడుమ నరికి, ఒక పురుషకంఠ మీ మహావాక్యము నుచ్చరించును.

ప్రతిపదార్థము: సుగమము. గ్రంథవిస్తరభీతిచే విడువబడినది.

వ్యాఖ్య: పాటలో పేరు నిలుపుట వాగ్గేయకారుల ముద్రవంటిదే కదా, దోషమేమి యని పూర్వపక్షము. ముద్రావిచార మావశ్యకము. క్షేత్రయ్య తన పదములలో మువ్వగోపాలుని నిలిపెను గాని తన్ను నిలుపుకొనలేదు. అన్నమయ్యకు వేంకటేశ్వరుడు, శ్యామశాస్త్రికి శ్యామకృష్ణుడు. ముత్తుస్వామి దీక్షితులు గురుగుహ నామముతో తృప్తిపడక, పెక్కు కృతులలో రాగము పేరును సైతము సాహిత్యమున కలిపి కుట్టెను. వినువాడు దేవీస్తుతి యనుకొనుచుండగనే రాగనామము చెవిని సోకి పోవును, కుట్టు కానరాదు. ఆ నేర్పును తలచుకొన్నప్పుడెల్ల ఈ వ్యాఖ్యాతకు ప్రస్తుతాంశము మఱపునకు వచ్చుచున్నది. త్యాగరాజస్వామి తన పేరే పెట్టెను గదా యందురేని, ఆ పేరు ఆయన జన్మస్థలమైన తిరువారూరి స్వామిది. పెట్టినదియు సాధారణముగ కడపటి చరణమున, రాముని యెదుట చేతులు జోడించి. పైగా వీరందఱును తాము కట్టిన పాటలోనే ముద్ర వేసిరి. పరుల పాటలో, పరుల గొంతుమీద, అదియు చరణచరణమునకును వేయుట యే లక్షణగ్రంథమునను కానరాదు.

ఇక మిక్స్ లక్షణము. మూలగానపు నడక హెచ్చించి, దెబ్బదెబ్బకు కిక్ తగిలించి, నడుమ తాళము నాపి సైరన్ నూది, జనము చేతులు పైకెత్తిన పిదప బేస్‌ను ఒక్కుమ్మడి విడుచుట. దీనికి డ్రాప్ అని శాస్త్రసంజ్ఞ. తీన్‌మార్ చేరినచో వ్యాఖ్యాత కాలును కదలును. ఆ విషయమున మా కాక్షేపణము లేదు.

తాత్పర్యము: పాతపాటకు ప్రాణము పోసితిమని వీరి యభిమానము. దుర్వ్యాఖ్యల విషముచే మూర్ఛిల్లిన కాళిదాసవాణిని బ్రతికింతునని మల్లినాథసూరి తన టీకకు సంజీవని యని పేరిడెను. కాని మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు ముందుగా మాట యిచ్చెను. ఇచ్చట మూర్ఛిల్లిన దెవరు? ఆ పాట నిక్షేపముగ నుండెను. 2019లో గద్దలకొండ గణేష్ చిత్రమున మిక్కీ జె. మేయర్ చేతిలో మరల వెలువడినప్పుడు సైతము గీతకర్తగా వేటూరి పేరు నిలిచెను గదా! అయ్యా, డీజే పేరు వీధి చివరివరకు వినబడుచున్నది, పాట వ్రాసినవాని పేరు ఆ బండి తోలువానికైన తెలియునా? పల్లెపాట యైనచో, కట్టిన యమ్మ యెవరో యడుగు నాథుడే లేడు. 1957 నాటి కాపీరైట్ చట్టము 57వ సెక్షనున, రచన తనదని చాటుకొను హక్కు కర్త కున్నది. ఆ చాటింపు ఈ పెట్టెలకన్న పెద్దగా నెట్లు వినబడునో చట్టము చెప్పలేదు.

పాఠభేదము: కొన్ని ప్రతులలో డీజే ఫలానా కేక సగమున తెగి, దానిపై మరియొక డీజే కేక యతికింపబడి యున్నది. ఒకని మిక్స్‌ను వేఱొకడు గ్రహించి తన పేరు పెట్టుకొనెనని గ్రాహ్యము. అందులకు మొదటివాడు, రాత్రులు మేల్కొని చేసిన తన కష్టమును దోచిరనియు, కళాకారునకు పేరైనను దక్కనీయని లోకమిది యనియు వాపోవుచున్నాడు. వాదము సర్వవిధముల సమంజసము. వేటూరి, చక్రవర్తుల పక్షమున దానినే యథాతథముగ దాఖలు చేయుచున్నాము.