తెర నిండే 28 నిమిషాలు

పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం. నా ఒళ్ళు ఇంతే. కరిగిన పాలికార్బొనేట్‌ని నికెల్ అచ్చులోకి నొక్కి, పైన పలచగా లోహపు పూత పూసి నన్ను చేశారు. ఇంత ఒంట్లో క్రిస్టఫర్ నోలన్ తీసిన 'ది డార్క్ నైట్', 152 నిమిషాల సినిమా, సుడులు సుడులుగా చుట్టుకుని ఉంది. సినిమా 2008 జూలైలో హాళ్ళకు వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో నేను బ్లూరే డిస్కుగా అంగళ్ళకు వచ్చాను.

మంచి ఏడాదిలో పుట్టాను. హెచ్‌డీ డీవీడీ అనే పోటీ డిస్కుని ఆ ఫిబ్రవరిలోనే తోషిబా వదిలేసుకుంది. రెండింట్లో ఏది నిలబడుతుందో తేలక చేతులు ముడుచుకున్నవాళ్ళు అప్పుడు బ్లూరే ప్లేయర్లు కొనుక్కున్నారు. మా ఇంటాయన కూడా అలాగే కొన్నాడు. తెనాలి మనిషి, షికాగో శివారు నేపర్‌విల్‌లో కాపురం. ఈ సినిమాలో గోథం నగరం చాలావరకు షికాగోనే. బ్యాట్‌మ్యాన్ ఒక పెద్ద ట్రక్కుని నిలువునా పల్టీ కొట్టించేది లసాల్ వీధిలో. కంప్యూటర్ బొమ్మ కాదు, నిజం ట్రక్కునే ఆ వీధిలో లేపి బోర్లా వేశారు. ఆయన ఆఫీసుకి నడిచే దారి అది. నన్ను కొనడానికి ఆ కారణం చాలింది.

నన్ను చదివేది 405 నానోమీటర్ల నీలి ఊదా కిరణం. డీవీడీని చదివే ఎర్ర కిరణం 650. కిరణం సన్నబడేకొద్దీ గుంటలు చిన్నవి చెయ్యొచ్చు, వరసలు దగ్గర పెట్టొచ్చు. డీవీడీలో వరసకీ వరసకీ మధ్య 0.74 మైక్రాన్లు ఉంటే నాలో 0.32 మాత్రమే. అలా రెండు పొరల్లో 50 గిగాబైట్లు పట్టాయి. కాకపోతే నా సమాచారం ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంది. నన్ను అంచులు పట్టుకునే తియ్యాలి.

నా బొమ్మ 1920 చుక్కల వెడల్పు, 1080 గీతల ఎత్తు. అమెరికా డీవీడీలో ఉండే చుక్కలకి ఇవి ఆరు రెట్లు. అయితే సినిమాలో ఎక్కువ భాగం 35 ఎం.ఎం. స్కోప్, అంటే ఎత్తు ఒకటైతే వెడల్పు 2.40. దాన్ని మామూలు టీవీ మీద వేస్తే 800 గీతల్లోనే బొమ్మ ఉంటుంది. మిగిలిన 280 గీతలూ పైనా కిందా నల్లపట్టీలు. ఈ లెక్క కొన్న ఆయనకి తెలీదు. నన్ను నిజంగా చూసినవాడు ఆయన తండ్రి.

పెద్దాయన తెనాలిలో ఒక సినిమా హాల్లో ఆపరేటర్‌గా పనిచేశాడు. కార్బన్ కడ్డీలు మండించి వెలుగు తెప్పించిన చెయ్యి అది. 1974లో 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో మొదటి సినిమాస్కోప్‌గా వచ్చినప్పుడు లెన్సు మార్చి వేసిన మనిషి. 1986లో తొలి తెలుగు 70 ఎం.ఎం. 'సింహాసనం' కోసం పని కట్టుకుని విజయవాడ వెళ్ళొచ్చాడు. కొడుకు దగ్గరికి వచ్చిన ఒక ఎండాకాలం, సోఫా వదిలేసి టీవీకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మొదట బ్యాంకు దోపిడీ. గాలిలోంచి కెమెరా అద్దాల మేడ మీదికి నెమ్మదిగా జరుగుతుంది, ఉన్నట్టుండి ఒక కిటికీ పగులుతుంది. టీవీ నిండా బొమ్మ, నల్లపట్టీలు లేవు. దోపిడీ అయ్యింది, కథ ముందుకు సాగింది, పట్టీలు వచ్చేశాయి.

"ఒరేయ్, పైనా కిందా మూసుకుందేంట్రా? లెన్సు మార్చారా?"

"అలాగే ఉంటుంది నాన్నా ఈ డిస్కులో. మళ్ళీ తెరుచుకుంటుంది చూడు."

"మా హాల్లో స్కోపంటే పక్క తెరలు జరిగి బొమ్మ పెద్దదయ్యేది. ఇక్కడ స్కోపొస్తే చిన్నదవుతోందే!"

నా గురించి ఇంత సూటిగా ఇంకెవరూ అనలేదు. తెరిచి ఉన్న భాగాలు ఐమాక్స్ కెమెరాతో తీసినవి. ఆ కెమెరాలో 65 ఎం.ఎం. ఫిల్ము అడ్డంగా నడుస్తుంది, ఒక్కో ఫ్రేముకి 15 రంధ్రాల పొడవు. 35 ఎం.ఎం. స్కోప్ ఫ్రేముకి దాదాపు తొమ్మిది రెట్ల వైశాల్యం. ఒక పెద్ద కథాచిత్రంలో ఆ కెమెరా వాడటం నోలన్‌తోనూ ఛాయాగ్రాహకుడు వాలీ ఫిస్టర్‌తోనూ మొదలైంది. మోయలేనంత బరువు, మాటలు రికార్డు చెయ్యనివ్వనంత చప్పుడు, ఒకసారి ఫిల్ము ఎక్కిస్తే మూడు నిమిషాలకి ఖాళీ. షూటింగులో ఒక కెమెరా పూర్తిగా ధ్వంసమైంది కూడా. ఇన్ని తిప్పలు పడి తెచ్చింది సుమారు 28 నిమిషాలు. హాంగ్‌కాంగ్‌లో ఆకాశమెత్తు భవనం అంచున బ్యాట్‌మ్యాన్ నిలబడగానే నా 1080 గీతలూ వెలుగుతాయి. అసలైన ఐమాక్స్ తెర మీద ఆ ఫ్రేము నలుచదరానికి దగ్గరగా ఉంటుంది, ఎత్తుకి 1.43 రెట్ల వెడల్పు. టీవీ ఆకారానికి దిద్దేటప్పుడు పైనా కిందా కలిపి ఎత్తులో అయిదో వంతు పోయింది. పోయాక కూడా ఆ బొమ్మలో కింద వీధుల్లో దీపాలు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి.

కొడుక్కి ఒక ఫిర్యాదు ఉండేది. "కొన్ని సీన్లలో బొమ్మ మీద ఇసుక చల్లినట్టుంటుంది నాన్నా. టీవీలో ఏదో ఆప్షన్ ఉంటే అది పెట్టాను, కాస్త తగ్గింది."

పెద్దాయన దాన్ని తీయించాడు. తీశాక దగ్గరికి వెళ్ళి చూశాడు. "ఇది ఇసుక కాదురా. ప్రింటు అరిగితే నిలువు గీతలు పడతాయి. దుమ్మయితే ఒకచోట మెరిసి పోతుంది. ఇది బొమ్మంతా ఉంది, ఫ్రేము ఫ్రేముకీ మారుతోంది. ఫిల్ములోనే ఉంది ఇది."

అదే గ్రెయిన్. వెలుగు సోకి మారిన వెండి లవణపు రేణువుల జాడలు అవి. బొమ్మ తయారయ్యేది వాటితోనే. చెరపబోతే వాటితోపాటు చర్మం మీది గీతలూ, కోటు నేతా, జోకర్ ముఖం మీద చెదిరిన తెల్లరంగు పగుళ్ళూ పోతాయి. జోకర్‌గా వేసిన హీత్ లెడ్జర్ సినిమా విడుదలకి ఆరు నెలల ముందే చనిపోయాడు. ఆ పాత్రకి ఆస్కార్ ఆయన పోయాక వచ్చింది. ఆ ముఖం మైనపుబొమ్మలా నున్నగా కనిపిస్తే నేను ఓర్చుకోలేను. ఐమాక్స్ భాగాల్లోనూ అదే ఫిల్ము, అవే రేణువులు. ఫ్రేము పెద్దది గనక అవి చిన్నవైపోయి కంటికి ఆనవు, అంతే.

అక్కడితో ఆగలేదు ఆయన. "మరి మనుషుల చుట్టూ ఈ తెల్లటి అంచేంటి?"

పట్టేశాడు. నా స్కోప్ భాగాల్లో అది ఉంది. నల్లకోటు వేసుకున్నవాడు వెలుతురు కిటికీ ముందు నిలబడితే, కోటు వెంబడే సన్నటి తెల్లదారం కనిపిస్తుంది. డిస్కు కోసం బొమ్మని సిద్ధం చేసినప్పుడు పదును పెంచడానికి అంచులకి అదనంగా నలుపూ తెలుపూ ఎక్కించారు. దూరం నుంచి చూస్తే స్పష్టంగా ఉన్నట్టే ఉంటుంది, పెద్ద తెర మీద గుట్టు బయటపడుతుంది. ఫిల్ములో లేనిదాన్ని మోస్తున్నానని నాకు ఈనాటికీ బాధ. స్పష్టత లెన్సులోంచీ ఫిల్ములోంచీ రావాలి, అంచుకి గీత గీస్తే రాదు. టీవీలో షార్ప్‌నెస్ మీట పైకి తోసినా ఇదే దోషం రెట్టింపవుతుంది. ఆయన చెప్పాక కొడుకు దాన్ని సున్నాకి దింపాడు.

కదలికని నున్నగా చేసే ఆప్షన్ ఇంకొకటి ఉంటుంది. నేను సెకనుకి 24 ఫ్రేములు ఇస్తే, టీవీ మధ్యలో తన సొంత ఫ్రేములు అల్లి పెడుతుంది. ట్రక్కు పల్టీ సీరియల్ షూటింగులా తయారవుతుంది. 2019లో టీవీల కోసం ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఒక పద్ధతి ప్రకటించారు, దానికి మద్దతిచ్చిన దర్శకుల్లో నోలన్ ఒకరు. అది నొక్కితే ఈ అల్లికలన్నీ ఆగిపోతాయి. అది లేని టీవీలో ఒక్కొక్కటీ వెతికి ఆపుకోవాలి. ఆ శ్రమ పడండి.

ఇక సౌండు. నాలో ఉన్నది డాల్బీ ట్రూహెచ్‌డీ 5.1. స్టూడియోలో మిక్స్ చేసినదాంట్లో ఒక్క అంకె కూడా పారెయ్యకుండా మడిచి పెట్టిన ట్రాకు. ఈ సినిమాకి సౌండ్ ఎడిటింగ్ ఆస్కార్ రిచర్డ్ కింగ్‌కి వచ్చింది. బ్యాట్‌మ్యాన్ ఎక్కే బ్యాట్‌పాడ్ బండి చప్పుడు వినండి. స్థాయి పెరుగుతూనే ఉన్నట్టుంటుంది, ఎక్కడా శిఖరానికి చేరదు. షెపర్డ్ టోన్ అనే వినికిడి భ్రమ అది, కొన్ని స్వరాలు పైకెక్కి సన్నగిల్లేలోపు కింద కొత్తవి మొదలవుతాయి. వీధుల్లో ట్రక్కు వెంటపడే ఘట్టంలో చాలాసేపు సంగీతమే ఉండదు. ఇంజన్లు, తూటాలు, నలిగే ఇనుము మాత్రమే. హాన్స్ జిమ్మర్, జేమ్స్ న్యూటన్ హోవర్డ్ లాంటి ఇద్దరు స్వరకర్తలు ఉండి కూడా ఊరుకున్న చోటు. నా ఒంట్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే.

ఇంట్లో దాన్ని వినిపించడం తేలిక కాదు. కింది వాటాలో పసిబిడ్డ, సబ్‌ఊఫర్ కొడితే నేల అదురుతుంది. వాల్యూం తగ్గిస్తే, "మాటలు వినపడట్లేదురా" అని పెద్దాయన. మాటలన్నీ దాదాపు మధ్య స్పీకరు నుంచే వస్తాయి. కొడుకు దాన్నొక్కదాన్ని మూడు డెసిబెళ్ళు పెంచి, సబ్‌ఊఫర్ కొంచెం దించాడు. గొంతులు నిలబడ్డాయి, పేలుళ్ళు తమ పరిధిలో ఉన్నాయి. నా ట్రాకుని ఎవరూ చెడగొట్టలేదు.

2017 డిసెంబరులో ఈ సినిమాకే 4కే డిస్కు వచ్చింది. 3840 చుక్కలకి 2160, నాకు నాలుగింతలు. పైగా వెలుగుకీ చీకటికీ తేడా పెంచే హెచ్‌డీఆర్, రాత్రి వీధిలో మంట నిజంగా మండుతున్నట్టు వెలుగుతుంది. సౌండు మాత్రం అక్కడా 5.1 ఛానెళ్ళే. నెత్తి మీంచి కూడా సౌండు వినిపించే అట్మాస్ జోలికి నోలన్ పోలేదు. కొడుకు దాన్ని కొన్న రోజు పెద్దాయనకి వీడియో కాల్ చేసి టీవీ చూపించాడు.

"కోటు చుట్టూ ఆ తెల్లదారం ఉందా?"

"లేదు నాన్నా. పోయింది."

"గ్రెయినో?"

"ఉంది. ఇంకా బాగా కనిపిస్తోంది."

"అయితే ఈసారి సరిగ్గా చేశారు. ఫోనులో నాకేం ఆనట్లేదు గానీ, వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన వేసి చూపించు."