వికెట్టువాదులు, పొదుపువాదులు

హనుమకొండ చౌరస్తాలో సాయంసమయమున టీకొట్లయొద్ద కొలువుదీరు పండితపరిషత్తునందు ద్వైతాద్వైత వివాదము లెన్నడో అంతరించినవి గాని, వన్డే జట్టులో వికెట్లు తీయు బౌలర్లెందఱు, పరుగులు కట్టడిచేయు బౌలర్లెందఱు ఉండవలెనను మీమాంస మాత్రము దినదినప్రవర్ధమాన మగుచున్నది. మొదటి బౌలర్లను కోరువారు వికెట్టువాదులు, రెండవ బౌలర్లను కోరువారు పొదుపువాదులు. సెలెక్టర్లు బుద్ధిహీనులనుటలో మాత్రము ఉభయులకును భేదము లేదు.

వికెట్టువాదుల ఇలవేలుపు మన హైదరాబాదు సిరాజు. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో, ఆసియా కప్పు ఫైనలునందు, ఒక్క ఓవరులోనే నలుగురిని సాగనంపి, 21 పరుగులకు 6 వికెట్లు గైకొని, శ్రీలంకను 50 పరుగులకే చాపచుట్టించిన ఆ మహానుభావుని తెలంగాణ ప్రభుత్వము 2024లో డీఎస్పీని చేయగా, సెలెక్టర్లు 2025 జనవరిలో చాంపియన్స్ ట్రోఫీ జట్టునుండి తప్పించిరి. కొత్త బంతి చేతలేనిచో ఆతని ప్రభావము తగ్గునని కెప్టెను రోహిత్ శర్మ కారణము సెలవిచ్చెను. లాఠీ లేదని డీఎస్పీని ఇంటికి పంపినట్లున్న ఈ న్యాయమునకు వికెట్టువాదులు మండిపడి, అప్పటి నియమమున ఇరుకొసలనుండి చెరియొక కొత్త బంతితో ఆట సాగుచుండగా ఏ బంతికిని 25 ఓవర్లకు మించి వయసు మీఱదుగదా యని వాపోయిరి.

పొదుపువాదులు 1975 ప్రపంచకప్పును ఉదాహరింతురు. తూర్పు ఆఫ్రికాపై బిషన్ బేడీ 12 ఓవర్లు వేసి, అందు 8 మెయిడెన్లుగా, 6 పరుగులే యిచ్చెను. ఈ పద్దు వినునపుడు బట్టలబజారు వర్తకుల కన్నులు సైతము చెమర్చును. దానికి వికెట్టువాదుల ప్రత్యుత్తరము స్థానికము: మట్టికోట, రాతికోట, అగడ్త కలిగి కట్టడికి పెట్టినపేరైన మన ఓరుగల్లు 1310లో మాలిక్ కాఫరుకు ధనరాశులు సమర్పించుకొని, 1323లో ఉలుగ్ ఖానునకు చిక్కలేదా?

తుదకు ఆ చాంపియన్స్ ట్రోఫీ ఫైనలునందే, 2025 మార్చి 9న దుబాయిలో న్యూజిలాండుపై మన నలుగురు స్పిన్నర్లు 38 ఓవర్లలో 144 పరుగులే యియ్యగా, పేసర్లు 12 ఓవర్లలోనే 104 సమర్పించిరి. కప్పు మనదే. పొదుపువాదులు కాలరెగురవేసిరి. జడేజా 10 ఓవర్లలో 30 పరుగులతో సరిపెట్టుట నిజమే. కాని అంతకుముందే కులదీపు తన రెండు వరుస ఓవర్లలో రచిన్ రవీంద్రను, విలియమ్సనును పడగొట్టియుండనిచో, ఆ 30 ఎంతకు పెరిగెడిదో పొదుపువాదులు గణింపరు.

అయినను ఈ యుభయపక్షములకును తోచని రహస్యమొకటి కలదు. ఆనాడు ఆ స్పిన్నర్లలో ఒకడైన అక్షరు ఐదవస్థానమున బ్యాటుపట్టి 29 పరుగులు చేసెను. గెలుపు ఫోరు కొట్టినవాడు ఎనిమిదవస్థానపు జడేజా. బౌలరు దాడిచేయునా, కాచుకొనునా యని మనము గొంతులు చించుకొనుచుండగా, సెలెక్టర్లు ఆతని చేతిలోని బ్యాటును చూచుచున్నారు. సిరాజు నిలుచునది పదునొకండవ స్థానము!

కావున హైదరాబాదు రంజీజట్టుపై ఆశపెట్టుకొన్న ఓరుగల్లు బౌలరు కుఱ్ఱలారా, యార్కరు పిదప నేర్వవచ్చును. రేపు ప్రొద్దుననే నెట్సుకు పోయి ముందుగా ప్యాడ్లు కట్టుకొనుడు.