నేను పప్పుగుత్తిని

నేను పప్పుగుత్తిని. మా అవ్వ కొత్తపల్లెకు కాపురానికి వచ్చిన కొత్తలో అహోబిలం తిరునాళ్ళలో నన్ను బేరమాడి కొన్నది. తలకాయ చుట్టూ గాట్లు, పట్టుకోను సన్నటి కాడ, అంతే నా రూపం. చుక్కకూర పప్పు, గోంగూర పప్పు, తోటకూర పప్పు, ఏది ఎనపాలన్నా నేనే. అవ్వ కన్న పిల్లలంతా నేను ఎనిపిన పప్పు తిని పెరిగినవాళ్ళే.

కోడలు వచ్చాక మిక్సీ వచ్చింది. అది గట్టెక్కి కూచుంది, నేను మేకుకు వేలాడాను. ఊరుబిండి రుబ్బే పని ఎట్లాగూ నాది కాదు కాబట్టి పెద్దగా బాధపడలేదు. సన్నపాప పుట్టాకే మా ఇద్దరికీ అసలు పేచీ వచ్చింది.

ఆ పిల్లకు తెల్లన్నం, పెరుగు, పాలు ఉంటే చాలు. పచ్చగా ఏది కనబడినా నాలుకతో బయటికి తోస్తుంది. అన్నంలో తోటకూర ఎంత సన్నగా కలిపినా కంసాలి బంగారు రజను ఏరినట్టు ఏరి పక్కన పెడుతుంది. "ఏందత్తా, దీనికి విటమిన్లు యాడ నుంచి వస్తాయి?" అని కోడలి దిగులు. ఆమె క్యారెట్టు, మునగాకు, బీన్సు అన్నీ ఉడికించి మిక్సీలో మెత్తగా తిప్పి, చేతికి ఫోనిచ్చి నోట్లో పెట్టేది. పాప మింగేది. ఏం మింగుతోందో దానికి తెలియదు, అదే చిక్కు. పప్పులో ఒక్క పలుకు తగిలినా ఓకరించేది.

మిక్సీ మీద అక్కసుతో అంటున్నాననుకోకండి. ఇంగ్లండులో బ్రిస్టల్ చుట్టుపక్కల పుట్టిన పిల్లలను ఏళ్ళ తరబడి గమనించినవాళ్ళు 2009లో ఇదే రాశారు. తొమ్మిది నెలలు దాటాక గానీ పలుకులున్న తిండి ఎరగని పిల్లలు ఏడేళ్ళ వయసులో కూరగాయలు, పండ్లు తక్కువ తింటున్నారట. వాళ్ళు గోంగూర ముఖం చూసి ఉండరు. అయినా ఏ దేశం పిల్లకైనా నమలడం నేర్పాల్సిందే కదా.

ఒకరోజు అవ్వ నన్ను మేకు మీద నుంచి దించింది. కందిపప్పు, గుమ్మడికాయ ముక్క కలిపి ఉడికించి మెత్తగా ఎనిపింది. కొన్నాళ్ళకు నాలుగు తిప్పులు తగ్గించింది. మరికొన్నాళ్ళకు వేళ్ళతో నొక్కితే నలిగే ముక్కలను అట్లాగే వదిలేసింది. నా పని తగ్గేకొద్దీ పాప పళ్ళకు పని పెరిగింది. మిక్సీకి ఇది చేతకాదు, అది తిరిగిందంటే అంతా నున్నగా అయిపోతుంది.

పాపను అందరితో పాటు కూచోబెట్టి తనకూ ఒక పళ్ళెం పెట్టేవాళ్ళు. అందులో కూర చెంచాడే. "నోరు మూసుకుంటే వదిలెయ్, రేపు మళ్ళా పెట్టు" అనేది అవ్వ. కొత్త రుచి అలవాటు కావడానికి ఎనిమిది పది సార్లు, కొందరికి పదిహేను సార్లు కూడా పడుతుంది. తల్లులేమో మూడోసారికే "మా పాపకు బెండకాయ పడదు" అని తీర్పు చెప్పేస్తారు. అన్నానికి ముందు గ్లాసెడు పాలు తాగిన పిల్లకు ఆకలి యాడుంటుంది? పాలలో ఇనుము నామమాత్రం. అవ్వ ఆ గ్లాసు మానిపించింది. అంగడి చిరుతిండి ప్యాకెట్లు తెచ్చే తాత మాత్రం అవ్వ మాట వినలేదు, ఇప్పటికీ వినడు.

పప్పు దించాక అవ్వ చెంచాడు నెయ్యి వేస్తుంది. అది రుచికే అనుకునేదాన్ని. ఆకుకూరల్లో, క్యారెట్టులో, గుమ్మడిలో ఉండే బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు తోడుండాలట. ఆ కెరోటినే ఒంట్లో విటమిన్ ఎ అవుతుంది. అది చాలకపోతే రేచీకటి వస్తుంది. నిమ్మకాయ కూడా పొయ్యి మీంచి దించాకే పిండుతుంది. వేడికి విటమిన్ సి పోతుంది, అది ఉంటేనే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఎండాకాలంలో ఇంత తంటా లేదు. మామిడికి పేరున్న బనగానపల్లె మా నంద్యాల జిల్లాలోనే ఉంది, పండు పెడితే పాప టెంక దాకా చీకుతుంది. అందులోనూ కెరోటిన్ ఉంది.

అన్నిటికన్నా పనికొచ్చిన ఉపాయం వేరే. అవ్వ నా కాడను పాప చేతికిచ్చి చల్లారిన పప్పు ఎనపమన్నది. సగం పప్పు నేలపాలైంది, నా తల రెండుసార్లు గోడకు తగిలింది. అయితేనేం, తాను ఎనిపిన తోటకూర పప్పును తానే కలుపుకొని తిన్నది. బెండకాయ మాత్రం ఇంకా ఏరి పక్కన పెడుతూనే ఉంది.

నా గొప్ప ఎంత చెప్పుకున్నా, పిల్లల కళ్ళకు కాపు నేనొక్కదాన్నే కాదు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు పరీక్షించి చూశాక, 1970 నుంచి పిల్లలకు విటమిన్ ఎ మందు పోస్తున్నారు. తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, అంటే ఒక మిల్లీలీటరు. రెండోది ఏడాదిన్నరకు, ఆపైన ఆరు నెలలకోసారి, ఇవన్నీ రెండేసి మిల్లీలీటర్లు, అయిదేళ్ళలోపు మొత్తం తొమ్మిది మోతాదులు. ఎక్కువైనా ప్రమాదమే కాబట్టి సొంతంగా కొని పొయ్యకండి. మీ పాప టీకాల కార్డులో ఎన్ని పడ్డాయో ఒకసారి చూసుకొని, తక్కువైతే అంగన్వాడీలోనో ఏఎన్‌ఎమ్మునో అడగండి.