మెట్టుగుట్ట పక్కన కొత్త గుట్ట

ఓరుగల్లులో గుట్టలకు కొదవ లేదు. హన్మకొండకు పద్మాక్షి గుట్ట, వరంగల్‌కు గోవిందరాజుల గుట్ట, మడికొండకు మెట్టుగుట్ట. ఇవి చాలవన్నట్టు మడికొండ పక్కనే రాంపూర్‌లో చెత్తతో ఇంకోటి పోసుకున్నాం. దానికి స్థలపురాణం లేదు గానీ గడువుల పురాణం ఉంది. 2000 నాటి చెత్త నియమాలు 2003 డిసెంబరు 31కల్లా చెత్తను శుద్ధిచేసే కేంద్రాలు ఉండాలన్నాయి. 2016లో వచ్చిన నియమాలు శుద్ధి కేంద్రాలకు మరో రెండేళ్లు, పాత గుట్టల సంగతి తేల్చడానికి అయిదేళ్లు ఇచ్చాయి. కుళ్లనిది, కాలనిది, ఇంకెందుకూ పనికిరానిది మాత్రమే ల్యాండ్‌ఫిల్‌కు చేరాలన్నాయి. ఈ నియమాల ప్రతాపమంతా మన గుమ్మం దగ్గరే. రాంపూర్ డంపింగ్ యార్డు గేటు దాకా వెళ్లేసరికి వాటికి ఆయాసం వస్తుంది.

జనం తడి, పొడి వేరు చెయ్యరు కాబట్టే ఈ గతి అని అధికారుల వాదన. అది నిజమైతే 2012 అక్టోబరు ఎక్కడ పెట్టుకోవాలి? క్లీన్ సిటీ చాంపియన్‌షిప్ పేరుతో ఇతర పట్టణాల మున్సిపల్ సిబ్బంది వందలాదిగా వచ్చి, జట్లుగా విడిపోయి ఇంటింటికీ తిరిగారు. ఇదే వరంగల్ వేరు చేసి ఇచ్చింది, దేశమంతా మెచ్చుకుంది. జనానికి చేతకాక కాదు. రెండు బుట్టల్లో ఇచ్చింది ఒకే ట్రాలీలో కలిసిపోవడం కళ్లారా చూశాక మూడో రోజున కూడా వేరు చేసేవాడు పౌరుడు కాదు, యోగి. అలాంటివాళ్లను నమ్ముకుని పాలసీలు రాయకూడదు.

ఇంత తంటా ఎందుకు, కాల్చేసి కరెంటు తీద్దామనేవారూ ఉన్నారు. ఢిల్లీ తిమార్‌పూర్‌లో 1987లోనే విదేశీ యంత్రం పెట్టి చూశారు. అది వారాల్లోనే చేతులెత్తేసింది. మన చెత్తలో సగం దాకా తడిదే. కూరగాయల తొక్కలు మండించాలంటే ముందు వాటిలో నీళ్లు ఆవిరి కావాలి, ఆ తడిలోనే వేడంతా పోతుంది. అంటే కాల్చాలన్నా మొదట వేరు చేయాల్సిందే. బయోమైనింగ్ మాటా అంతే. పాత గుట్టను తవ్వి, జల్లెడ పట్టి, మట్టి ఒకవైపు, ప్లాస్టిక్ ఒకవైపు తీయడం మంచి పనే. కానీ రోజూ కలగలిపిన కొత్త చెత్త వచ్చి పడుతుంటే, అది గుట్టను తీసేయడం కాదు, జరపడం.

మరి శిక్షలు లేవా అంటే, భేషుగ్గా ఉన్నాయి. చెత్త, మురుగునీరు రెండింటి నిర్వాకానికీ కలిపి 2022 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ తెలంగాణకు దాదాపు 3,800 కోట్ల రూపాయల పరిహారం విధించింది. ఆ సొమ్మును ప్రభుత్వమే విడి ఖాతాలో వేసి, ఈ పనులకే ప్రభుత్వమే ఖర్చు పెట్టాలట. పైసలు ఖజానాకు పోకుండా పనికి పోవాలన్న ఉద్దేశం మంచిదే, కాదనను. అయితే వేసేదీ తీసేదీ ఒకే చెయ్యి అయినప్పుడు దాన్ని బడ్జెట్ అంటారు, జరిమానా అనరు. రోడ్డు మీద అరటితొక్క పారేసినవాడికి ఈ సౌకర్యం లేదు. వాడు అక్కడికక్కడే కట్టాలి.

కోట్లు అక్కర్లేని పని ఒకటుంది. రాంపూర్‌కు ఏటా ఎన్ని టన్నులు పోయాయో, అందులో ఎన్ని ఎరువయ్యాయో, ఎన్ని అలాగే పడి ఉన్నాయో తూకం వేసి ఇంటిపన్ను నోటీసు వెనక అచ్చు వేయించండి. ముందువైపు మన బకాయి పైసలతో సహా ఉంటుంది. వెనకవైపు కార్పొరేషన్ బకాయి టన్నుల్లో ఉండనివ్వండి.