‘పిజ్జ వలదు తండ్రి!’ : సటీకా తాత్పర్యం

మూలం

కొత్త హోటలొకటి కోషరు మనవీధి
వచ్చెనంట, పిజ్జ వలదు తండ్రి!
కారు నిలుపుచోటు, కాసంత కరుణయు
బిల్లులోన నుంచు పెద్దమనిషి!

అవతారిక

న్యూజెర్సీ రాష్ట్రం, బెర్గెన్ కౌంటీలో టీనెక్ అనే ఊరుంది. జనాభా నలభై వేల పైచిలుకు. అందులో ఆచారం తప్పని యూదు కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక సీడర్ లేన్ మీదా, క్వీన్ ఆన్ రోడ్డు మీదా కోషర్ హోటళ్ళకు కొదవలేదు. అయినా ఏ ఖాళీ దుకాణం అద్దాలకైనా లోపలినుంచి కాగితాలు అంటించి కనిపిస్తే చాలు, “ఏం వస్తోందిట?” అన్న గుసగుస మొదలవుతుంది. ఆ గుసగుసే ఈ ఆటవెలది. మూలకారుడూ టీకాకారుడూ ఒక్కరే కావడంవల్ల పద్యంలోని దోషాలన్నిటికీ క్షమాపణ ముందే మంజూరయింది.

ప్రతిపదార్థం

కొత్త = ఇంకా ఎవరికీ కోపం తెప్పించని; హోటలొకటి = ఒక భోజనశాల; కోషరు = యూదుల ఆహారనియమాలకు లోబడినది; మనవీధి = నడిచివెళ్ళే దూరంలో (సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతిదినం గనక, కారెక్కకుండా నడిచివెళ్ళే శనివారంనాడు అది మూసి ఉంటుంది, తెరిచిన రోజుల్లో అందరూ కార్లలోనే వస్తారు); వచ్చెనంట = వచ్చిందట; పిజ్జ = పిజ్జా; వలదు = ఇంకొకటి వద్దు; తండ్రి = ఓ తండ్రీ; కారు నిలుపుచోటు = పార్కింగు; కాసంత కరుణయు = రవ్వంత దయ కూడా; బిల్లులోన = చివర్లో వచ్చే కాగితంలో; ఉంచు = ఉంచుము; పెద్దమనిషి = హోటలు యజమాని. ఆయన పెద్దమనిషి అవునో కాదో పై కాగితం వచ్చాక తేలుతుంది.

తాత్పర్యం

మా వీధిలో కొత్త కోషర్ హోటల్ పెడుతున్నారట. బాబ్బాబు, మళ్ళీ పిజ్జా కొట్టు మాత్రం పెట్టకండి. కారు పెట్టుకోవడానికి చోటు, బిల్లు చూసినప్పుడు కొంచెం ఊపిరి ఉంటే అదే పదివేలు.

విశేషాలు

‘వచ్చెనంట’ గ్రామ్యం, ‘వచ్చెనట’ సాధువు. కానీ పుకారును వ్యాకరణం చూసుకుని ఎవరూ మోయరు గనక దోషం లేదు. ‘పిజ్జ’లో దీర్ఘం ఎగిరిపోవడం గణభంగ భయంవల్ల. వద్దన్న వస్తువును పొట్టిగా పిలవడంలో ఔచిత్యమూ ఉంది.

ఇక ‘పిజ్జ వలదు’ అన్నచోట టీకాకారుడు కాస్త కుర్చీ లాక్కుని కూర్చోవాలి. కోషర్ ధర్మంలో పాలూ మాంసమూ ఒకే వంటింట్లో కలవకూడదు. గిన్నెలు వేరు, గరిటెలు వేరు. మా నాయనమ్మ మడి వంటింటికి ఇద్దరు నాయనమ్మలు ఉండి, ఇద్దరికీ పడకపోతే ఎలా ఉంటుందో అలా. మాంసం తిన్న నోటికి మళ్ళీ పాలు తగలాలంటే చాలా ఇళ్ళలో ఆరు గంటలు ఆగాలి, కొన్ని వంశాల్లో మూడు, హాలండు నుంచి వచ్చినవాళ్ళకు ఒకటి. కనుక హోటలు పెట్టేవాడు మొదటిరోజే తేల్చుకోవాలి, తనది పాలపక్షమా మాంసపక్షమా అని. మాంసపక్షంలో ఖర్చెక్కువ. పశువును వధించే పద్ధతి వేరు, ఆ మాంసాన్ని నీళ్ళలో నానబెట్టి ఉప్పు పట్టించి రక్తం తీయాలి, అమెరికాలో అయితే వెనక సగం దాదాపుగా వాడనే వాడరు. పాలపక్షం చవక. పాలపక్షంలో కుటుంబమంతా ఎగబడి తినేది పిజ్జా. అందుకని వీధికో పిజ్జా.

చేప మాత్రం రెండు పక్షాలకూ చెందదు. రెక్కలూ పొలుసులూ ఉంటే చాలు, ఏ వంటింట్లోకైనా ప్రవేశం ఉంది. మాంసంతో ఒకే పళ్ళెంలో మాత్రం పెట్టరు. ఈ సందులోంచి సుషీ దూరింది. పిజ్జా కొట్లో సుషీ, కబాబుల హోటల్లో సుషీ. రొయ్యనూ పీతనూ లోపలికి రానివ్వరు గనక చేపతోనే చేసిన నకిలీ పీత. కొత్త హోటలు అంటే పాత మెనూకి కొత్త దీపాలు పెట్టడమేనా అని వీధి బాధ. పద్యంలో సుషీ ప్రస్తావన లేదే అంటారా? పిజ్జా సుషీకి కూడా ఉపలక్షణం.

పిజ్జా కాకపోతే ఏం కావాలి? ఇక్కడ వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు. భార్యాభర్తలు నిదానంగా కూర్చుని మాట్లాడుకునే చోటు కావాలని కొందరు, పిల్లల బండి పట్టని హోటలు హోటలే కాదని మరికొందరు. మాంసం భోజనం తర్వాత వచ్చే పాలులేని ‘క్రీము’ వద్దని అందరూ. ఒకరికి మెక్సికన్, ఒకరికి ఇండియన్. ఈ చివరిమాట విని టీకాకారుడి తెలుగు గుండె ఉప్పొంగింది. మన్‌హాటన్ లెక్సింగ్టన్ అవెన్యూలో 27, 28 వీధుల దగ్గర దక్షిణాది శాకాహార హోటళ్ళు కోషర్ పత్రం సంపాదించి, దోసెను యూదుల పళ్ళెంలోకి ఎప్పుడో చేర్చాయి. మాంసం లేదు గదా, పత్రం ఎందుకు అనకండి. ఆకుకూరలో పురుగుందేమో వెతకాలి, చీజు దేనితో విరిచారో చూడాలి, పొయ్యి వెలిగించడంలో యూదుడి చెయ్యి ఉండాలి. మనవాళ్ళు దీనికి ఎదురు దిశలో నడుస్తారు. శాకాహారి తెలుగువాడు పాల కోషర్ హోటల్లో మాంసం గరిటె తగలదన్న ధైర్యంతో కూర్చుంటాడు. టూనా శాండ్‌విచ్ పక్క బల్లమీదికి వచ్చాక ఆ ధైర్యం కొంచెం సడలుతుంది.

‘కారు నిలుపుచోటు... బిల్లులోన నుంచు’ అన్నది దూరాన్వయం. కారును బిల్లులో ఎలా ఉంచుతారు? సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి కారు నడపలేదు గనక ఈ విషయంలో ఆయన సాయం లేదు. కారుకు చోటు బయటా, కరుణ బిల్లులోనూ అని అన్వయించుకోవాలి. ఈ కోరిక కోషర్ తినేవాళ్ళది మాత్రమే కాదు. హోటలు వెనక వీధిలో ఉండేవాళ్ళు, ఎన్నడూ లోపల అడుగుపెట్టనివాళ్ళు కూడా ఈ పాదాన్ని కంఠస్థం చేశారు. ఆదివారం సాయంత్రం తమ వాకిలికి అడ్డంగా ఎవరో కారు పెట్టాక మత సామరస్యం గురించి మాట్లాడటం కష్టం. ఆదివారమే ఎందుకంటే, బెర్గెన్ కౌంటీలో పాత చట్టం ప్రకారం ఆ రోజు బట్టల దుకాణాలూ సామాను దుకాణాలూ మూసే ఉంటాయి. శనివారం సబ్బాతు, ఆదివారం చట్టం. మిగిలింది తిండి.

‘కరుణ’ దగ్గర యజమాని పక్షం కూడా వినాలి. శుక్రవారం సాయంత్రం, శనివారం పగలు, అంటే తక్కిన హోటళ్ళు డబ్బు చేసుకునే వేళకు తాళం. పెసహా పండగ ఎనిమిది రోజులూ చాలామంది తెరవరు. వంటింట్లో ‘మష్గియాఖ్’ అనే పర్యవేక్షకుడు ఉండాలి, ఆయనకు జీతం. అద్దె మాత్రం ఏడు రోజులకూ. ఆయన లెక్క తప్పు కాదు, అయిదుగురు పిల్లలున్న తండ్రి లెక్కా తప్పు కాదు.

‘తండ్రి’ అన్న సంబోధన దేవుడికా, యజమానికా? దేవుడికేనని పూర్వపక్షం. టీకాకారుడు ఒప్పుకోడు. ధర్మం సంగతి దేవుడు, రబ్బీలు చూసుకున్నారు, పత్రం గోడమీద వేలాడుతోంది. ధర, రుచి, కుర్చీ, వీటికి పత్రం ఇచ్చేవాళ్ళు లేరు. కనుక మొర యజమానికే.

పాఠాంతరం

కొన్ని ప్రతుల్లో ‘పిజ్జ వలదు తండ్రి’కి బదులు ‘పిజ్జ వలయు తండ్రి’ అని ఉంది. ఒక్క అక్షరం తేడా. గణమూ చెడదు, యతీ చెడదు. ఇది పదేళ్ళలోపు వాళ్ళున్న ఇళ్ళలో ప్రచారంలో ఉన్న పాఠం. డిసెంబరులో సబ్బాతు తొందరగా, సాయంత్రం అయిదుంబావు ప్రాంతంలో ముగుస్తుంది. ఆకాశంలో అందుకు గుర్తయిన మూడు చుక్కలు కనిపించిన కాసేపటికే సీడర్ లేన్ పిజ్జా కొట్టు బయట వరస కడుతుంది. వరసలో మొదట పిల్లలు, వాళ్ళ వెనక ‘వలదు’ పాఠం పట్టుకున్న తండ్రులు.