నా పుట్టిల్లు మోంటె బెల్లో కొండ

నేను 1971 పంటలో పుట్టిన మోంటె బెల్లో ఎర్ర వైన్‌ని. కాలిఫోర్నియాలో కుపర్టినో ఊరికి పైన, శాంటా క్రూజ్ కొండల మీద ఉంది మా తోట. కింద లోయలో ఇప్పుడు ఎన్నో తెలుగు కుటుంబాలు కాపురముంటున్నాయి.

శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యుడు ఒసియా పెరోన్ 1885లో ఇక్కడ 180 ఎకరాలు కొన్నాడు. కొండవాలును మెట్లుమెట్లుగా చెక్కించి తీగలు నాటించాడు. 1892లో మొదటి వైన్ వచ్చింది. 1920లో దేశమంతటా మద్యనిషేధం పెట్టారు, 1933 దాకా ఎత్తలేదు. ద్రాక్షతీగకు ఏటా కత్తిరింపు పడాలి. ఆ పని చేసే చేతులు పోయాక తీగ అడవిపాలే. 1940ల నాటికి మా కొండ తోటలకు దిక్కే లేకుండా పోయింది. విలియం షార్ట్ అనే మతశాస్త్ర పండితుడు పాడుబడ్డ తోట కొని, కాబర్నే సావిన్యోన్ తీగలు నాటాడు. ఆ తల్లుల రుణం నేను తీర్చుకోలేను. సున్నపురాతి పగుళ్ళలోకి వేళ్ళు దింపి, సముద్రం మీంచి వచ్చే చల్లగాలికి తట్టుకుని, కాసినన్ని కాయలే కాసేవి. ఆ కాసినవాటిలోనే సారమంతా ఉండేది.

తొక్కలతో పులిసి, ఓక్ పీపాల్లో మాగి, సీసాలోకి దిగాను. 1969లో ఇక్కడికి వచ్చిన పాల్ డ్రేపర్ మమ్మల్ని తయారుచేశాడు.

1976 మే 24న పారిస్‌లో పేర్లు కప్పేసి పది ఎర్ర వైన్లు రుచి చూశారు. నా తోబుట్టువుకు ఐదో స్థానం వచ్చింది. కాలిఫోర్నియా వైన్లు వయసు మీద పడితే నిలవవని కొందరు పెదవి విరిచారు. సరిగ్గా ముప్ఫై ఏళ్ళకు, 2006లో అవే పది వైన్లను లండన్‌లోనూ నాపాలోనూ మళ్ళీ రుచి చూస్తే, రెండు చోట్లా మొదటి స్థానం మాదే. మా కొండ ఓపికకు దక్కిన గౌరవం అది.

ఆ వేళ నేను ఒక వంటింట్లో ఫ్రిజ్ మీద నిలబడి ఉన్నాను.

నన్ను కొన్న పెద్దాయన నేలమాళిగలో, చీకట్లో, పక్కకు పడుకోబెట్టి ఉంచేవాడు. వైన్ తగులుతూ బిరడా తడిగా ఉండేది. ఆయన పోయాక పిల్లలు నన్ను అలంకారానికని పైకి తెచ్చి నిలబెట్టారు. ఫ్రిజ్ వేడి పగలూ రాత్రీ తగిలేది. బిరడా ఎండి కుంచించుకుపోయింది. మెడ దాకా ఉన్నదాన్ని భుజం కిందికి దిగిపోయాను. మూత అంచున ఎర్రటి జిగురు చార కట్టింది. వచ్చిన ప్రతి చుట్టమూ నన్ను ఎత్తి, ఊపి, సంవత్సరం చదివి పెట్టేసేవాడు. అడుగున పేరుకున్న మడ్డి లేచి, తేరుకోవడానికి రోజులు పట్టేది. "మంచిరోజు చూసి తెరుద్దాం" అనేవారు. పెళ్ళి అయింది, మనవడు పుట్టాడు, నా బిరడా మాత్రం ఎవరూ తీయలేదు. మొన్న ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామానుతో పాటు అట్టపెట్టెలో పడేశారు.

మీ ఇంట్లో నాలాంటి సీసా ఉంటే చల్లని చీకట్లో పడుకోబెట్టండి. అది కుదరకపోతే దాచకండి, ఈ ఆదివారమే నలుగురినీ పిలిచి తెరవండి.